తేమ, తరుగు అయిపోయాయి, ఇక విటమిన్ లెక్క

(సిద్దిపేట జిల్లా గజ్వేల్ ప్రాంత కూరగాయల, పండ్ల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ధరల గురించి మాట్లాడమని పిలిచారు. ధర గురించే మాట్లాడుతాను. కాకపోతే కొంచెం చుట్టు తిరిగి వస్తాను. దారిలో ఒక ల్యాబ్, గాజు గొట్టాలు, ఒక నీలిరంగు మందు తగులుతాయి. భయపడకండి. నేను చదివింది పదో తరగతే. నాకు అర్థమైంది మీకు కాకుండా పోదు.

వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకుపోతే ముందు ఏం చేస్తారు? గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి తేమ చూస్తారు. 17 శాతం దాటితే మళ్లీ ఎండబొయ్యమంటారు. పత్తి సీసీఐకి తీసుకుపోతే 8 శాతానికి పూర్తి ధర, ఆ పైన ప్రతి శాతానికి కోత, 12 దాటితే వాపసు. పాలకేంద్రంలో వెన్నశాతం. ఈ మూడింటిలో కాంటా మీద పడ్డ బరువు ఒక్కటే ధర చెప్పడం లేదు. పక్కనున్న ఇంకో యంత్రం చెబుతోంది. ఆ యంత్రాన్ని నమ్మకుండా మనం ఎన్నిసార్లు కొట్లాడామో మీకు తెలుసు. కొట్లాడీ కొట్లాడీ నేర్చుకున్నాం. ఇప్పుడు ఊళ్లో ఎవరో ఒకరి దగ్గర సొంత తేమ మిషన్ ఉంటోంది. ఇంటి దగ్గరే చూసుకుని, అంకె తెలుసుకుని కేంద్రానికి పోతున్నారు. అక్కడ రెండు అంకెలు ఎక్కువ చూపిస్తే నిలదీస్తున్నారు.

కూరగాయలకు, పండ్లకు, ఆకులకు ఇన్నాళ్లూ ఆ బాధ లేదు. వంటిమామిడి మార్కెట్‌కు టమాట తీసుకుపోతే రంగు చూస్తారు, సైజు చూస్తారు, నలిగిందా లేదా చూస్తారు. లోపల ఏముందో ఎవరూ అడగరు. ఇప్పుడు అడగడం మొదలైంది. పొడులు చేసేవాళ్లు, రసాలు చేసేవాళ్లు, ఎగుమతి చేసేవాళ్లు ఒప్పంద కాగితంలో 'నాణ్యత పరీక్షకు లోబడి' అని ఒక ముక్క రాస్తున్నారు. ఆ ముక్క కిందనే మన ధర ఉంది.

మా వైపు ఎనిమిది మంది రైతులు మునగాకు కోసం మునగ వేశారు. పేరెందుకులే, ఒక కంపెనీ పచ్చి ఆకు కొంటానని ఒప్పందం రాసుకుంది. మొదటి కోత ఆకు తీసుకుపోయిన పది రోజులకు ఒక కాగితం పంపించింది. విటమిన్ సి 38, ప్రమాణం కంటే తక్కువ, కాబట్టి ధరలో మూడో వంతు కోత. 38 అంటే ఏమిటి? మిల్లీగ్రాములా? వంద గ్రాముల పచ్చి ఆకుకా, ఎండు ఆకుకా? ఏ పద్ధతిలో చూశారు? ఏమీ లేదు. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. రైతులు ఆ ముద్ర చూసి ఊరుకున్నారు. ల్యాబ్ చెప్పిందంటే ఇంకేం మాట్లాడతామని.

అప్పుడు సంఘం తరఫున ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవడం మొదలుపెట్టాం. తెలిసింది మీకు చెబుతాను.

విటమిన్ సికి ఒక గుణం ఉంది. గాలి తగిలితే అది నిలవదు. ఇనుము తుప్పు పట్టినట్టు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది. వేడి తోడైతే ఇంకా తొందర. రాగి గిన్నె తగిలితే మరీ తొందర. మన ఒంట్లో అది తయారు కాదు, రోజూ తిండి నుంచే రావాలి. 2020లో ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. నెలల తరబడి అసలే అందకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, పాత గాయాలు కూడా తెరుచుకుంటాయి. వెనకటికి ఓడల మీద పోయిన నావికులు ఆ జబ్బుతో గుంపులు గుంపులుగా చచ్చేవాళ్లు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు నారింజలు, నిమ్మకాయలు పెట్టి చూస్తే వారంలోపే లేచి తిరిగారు. కాయలో ఏదో ఉందని తెలిసింది గానీ, ఆ ఏదో ఏమిటో తేలడానికి ఇంకో 180 ఏండ్లు పట్టింది.

అది తేల్చినాయన హంగేరీ దేశపు సెంట్ గ్యోర్గి. ఈ ముచ్చట మిరప రైతులు వినాలి. ఆయన 1928లోనే ఆ పదార్థాన్ని విడదీశాడు గానీ పరీక్షలకు సరిపడా దొరకలేదు. ఆయన ఉండే సెగెడ్ పట్టణం మిరపతోటలకు పేరు. ఒక రాత్రి భోజనంలో భార్య మిరపకాయ పెడితే తినబుద్ధి కాక, ఆ మాట చెప్పలేక, పరీక్ష చేస్తానని సాకు చెప్పి ల్యాబ్‌కు పట్టుకుపోయాడట. ఆయనే చెప్పుకున్న సంగతి ఇది. అందులో దండిగా దొరికింది. 1937లో నోబెల్ వచ్చింది. మన పచ్చిమిర్చిలో కూడా వంద గ్రాములకు 111 మిల్లీగ్రాములని మన పాత ఆహార పట్టికలు చెబుతాయి. అన్ని మిరపకాయలు ఎవరు తింటారని అడగకండి.

కొలిచే పద్ధతికి వస్తాను. గాలికి లొంగిపోయే ఆ గుణమే విటమిన్ సిని కొలవడానికి పనికొస్తుంది. డైక్లోరోఫీనాల్ ఇండోఫీనాల్ అని ఒక రంగు ఉంది. పేరు వదిలేయండి, నీలిరంగు అనుకుందాం. అది విటమిన్ సిని తాకితే తెల్లబోతుంది. విటమిన్ సి ఉన్నంతసేపు వేసిన రంగు వేసినట్టే మాయమవుతుంది. అయిపోయాక ఒక్క చుక్క వేసినా రంగు నిలుస్తుంది. ఎంత రంగు మింగిందో చూస్తే ఎంత విటమిన్ ఉందో తెలుస్తుంది. అంతే.

ల్యాబ్‌లో ఎలా చేస్తారంటే, 5 గ్రాముల ఆకు తూచి, 4 శాతం ఆక్జాలిక్ ఆమ్లంలో నూరుతారు. మొత్తం 100 మిల్లీలీటర్లు చేసి వడకడతారు, లేదా గిర్రున తిప్పే యంత్రంలో పిప్పి వేరు చేస్తారు. ఆ రసంలో 5 మిల్లీలీటర్లు తీసుకుని, ఇంకొంచెం ఆమ్లం కలిపి, పైన బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టం నుంచి నీలిరంగు చుక్క చుక్కగా వదులుతారు. ఆమ్లంలో పడగానే అది గులాబీ రంగుకు మారి మాయమవుతుంది. లేత గులాబీ నిలిచిపోయిన చోట ఆపుతారు. దానికి ముందే, లెక్క తెలిసిన అసలు విటమిన్ సి అర మిల్లీగ్రాము తీసుకుని దానికి ఎంత రంగు పట్టిందో చూసి పెట్టుకుంటారు. దానికి 10 మిల్లీలీటర్లు పట్టి, మన ఆకు రసానికి 5.5 పట్టిందనుకోండి, లెక్క కడితే వంద గ్రాముల ఆకుకు 110 మిల్లీగ్రాములు. వడ్డీ లెక్క వచ్చినవాడికి ఈ లెక్క వస్తుంది.

ఇందులో మోసం ఎక్కడ దూరుతుంది? మోసమే కానక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. ఆకును ఆమ్లంలో కాకుండా ఉత్త నీళ్లలో నూరితే అంకె పడిపోతుంది. ఆకులో విటమిన్ సి ఒక గదిలో, దాన్ని తినేసే ఎంజైమ్ ఇంకో గదిలో ఉన్నట్టు ఉంటాయి. నూరగానే గోడలు కూలి రెండూ కలుస్తాయి. క్యాబేజీ, దోస, గుమ్మడి జాతుల్లో ఈ ఎంజైమ్ మరీ జాస్తి. ఆమ్లం దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆమ్లం లేకుంటే నూరి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి సగం కథ అయిపోతుంది. నీలిరంగు కూడా పాతబడితే బలం తగ్గుతుంది, దాన్ని కూడా ఎప్పటికప్పుడు సరిచూడాలి. ఆకు రసం పచ్చగా ఉంటుంది కాబట్టి గులాబీ రంగు ఎప్పుడు నిలిచిందో కనిపెట్టడం చూసేవాడి కన్ను మీద ఉంది. అందుకే పెద్ద ల్యాబ్‌లలో ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం వాడుతున్నారు. అది రసంలోని పదార్థాలను విడదీసి ఒక్కొక్కటి వేరుగా కొలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద విషయం, ఆకు కోసినప్పటి నుంచి నూరేదాకా ఎంతసేపైంది అన్నది. పాలకూరను ఎండాకాలం గదిలో మూడు నాలుగు రోజులుంచితే అందులోని విటమిన్ సిలో చాలా భాగం పోతుంది. వాడిన ఆకులో ఇంకా తొందరగా పోతుంది. మా రైతుల ఆకు సంగతి చూడండి. పొద్దున ఆరింటికి కోశారు. కంపెనీ బండి సాయంత్రం నాలుగింటికి వచ్చింది. గోనె సంచుల్లో కుక్కి రాత్రికి నగరం చేర్చారు. కుక్కిన పచ్చి ఆకు సంచిలో ఎంత వేడెక్కుతుందో పశువులకు గడ్డి కోసేవాళ్లకు చెప్పాలా? రిపోర్టు మీద పరీక్ష తేదీ చూస్తే కోసిన నాలుగో రోజు. మొదటి పది గంటలు బండి ఆలస్యం, ఆ తర్వాతి మూడు రోజులు వాళ్ల గోదాం ఆలస్యం. పోయిన విటమిన్ ఎవరి దగ్గర పోయింది? కోత మాత్రం రైతు లెక్కలో పడింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ కంపెనీ మన ఆకును ఎండబెట్టి పొడి చేస్తుంది. డబ్బా మీద 'నారింజ కన్నా ఏడింతల విటమిన్ సి' అని వేస్తుంది. ఈ ఏడింతలు ఎక్కడ నుంచి వచ్చిందో నేను వెతికాను. మన పాత పట్టికల్లో పచ్చి మునగాకుకు 220, నారింజకు 30 అని ఉంది. భాగిస్తే ఏడు. కానీ అది పచ్చి ఆకు లెక్క. ఎండిన పొడికి ఎక్కువగా ప్రచారంలో ఉన్న లెక్క వంద గ్రాములకు 17 చిల్లర మాత్రమే. పొడిలో కాల్షియం, ఇనుము, మాంసకృత్తులు చిక్కబడతాయి, అది నిజం. మునగాకు గొప్పదే, నేను కాదనను. కానీ విటమిన్ సి తక్కువని మన ధర కోసి, ఆ ఉన్న విటమిన్ సిని వాళ్ల డ్రయ్యర్‌లోనే కాల్చి, పచ్చి ఆకు అంకె డబ్బా మీద రాసి అమ్మడాన్ని ఏమనాలి?

మన వైపు కూడా ఒక మాట సరిచేసుకోవాలి. మన సభల్లోనే కొందరు అంటుంటారు: వెనకటి ఉసిరికాయలో 600 ఉండేది, ఇప్పుడు 252కు పడిపోయింది, రసాయన ఎరువులు, హైబ్రిడ్‌లు సర్వనాశనం చేశాయని. వినడానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. అంకెలు కూడా అబద్ధం కాదు. 600 అన్నది గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణ్యన్ 1971లో మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి తెచ్చిన పట్టికలోది. 252 అదే సంస్థ 2017లో తెచ్చిన పట్టికలోది. ఆ సంస్థ 1918లో తమిళనాడు వైపు కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. 2017 పట్టిక కోసం దేశాన్ని ఆరు ప్రాంతాలుగా చేసి, 528 రకాల ఆహారాల నమూనాలు తెచ్చి, కొత్త యంత్రాల మీద కొలిచారు.

అయితే పట్టిక మొత్తం చూడాలి. క్యాబేజీ 124 నుంచి 33కు దిగింది. మునగాకు 220 నుంచి 108కి దిగింది. మరి జామకాయ? అప్పుడు 212, ఇప్పుడు తెల్ల జామ 214. భూమి సచ్చిపోయి విటమిన్ పోయిందంటే జామచెట్టుకు మాత్రం వేరే భూమి ఉందా? కొలిచే పద్ధతి మారింది, నమూనాలు మారాయి, రకాలు మారాయి. ఉసిరిలో వగరు ఉంటుంది కదా, ఆ వగరు పదార్థాలు కూడా రంగును కొంత మింగి పాత పద్ధతిలో అంకెను పెంచగలవు. రెండు వేర్వేరు కాంటాల మీద తూచి బరువు తగ్గిందని గొడవ పెట్టుకుంటే ఎట్లుంటుందో ఇదీ అంతే. కంపెనీని పద్ధతి ఏమిటని అడిగేవాళ్లం మనం. మన నినాదానికి కూడా అదే ప్రశ్న వేసుకోవాలి. లేకుంటే రేపు ఎదుటివాడు ఈ జామకాయే తెచ్చి మన మొహాన కొడతాడు.

సాగుకు సంబంధం లేదని కూడా అనను. యూరియా మితిమీరి వేస్తే చాలా కూరగాయల్లో విటమిన్ సి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆకు నల్లగా, గుబురుగా, చూడ ముచ్చటగా వస్తుంది, లోపల పలుచన. వెలుతురు బాగా తగిలిన కాయలో ఎక్కువ ఉంటుంది. ఈ రెండూ మన చేతిలో ఉన్నవి. ఆకుకూరలను సాయంత్రం దాకా ఎండలో బరకం మీద పోసి అమ్మడం కూడా నష్టమే. కానీ అక్కడ రైతును ఏమనగలం? నీడ, చల్లటి గది మార్కెట్ ఇవ్వాలి. రైతు నెత్తి మీద ఫ్రిజ్ పెట్టుకుని రాడు కదా. వండే అక్కలకు ఒక్క మాట. ఉడికించిన నీళ్లు పారబోస్తే విటమిన్ సి దానితోనే పోతుంది. నిమ్మకాయ పొయ్యి దించాక పిండండి.

ఇక అడగాల్సినవి. విత్తనాల చట్టం 1966లో ఉంది. ఇన్‌స్పెక్టర్ దుకాణంలో విత్తన నమూనా తీస్తే మూడు భాగాలు చెయ్యాలి. ఒకటి దుకాణదారుకు ఇవ్వాలి, ఒకటి పరీక్షకు పంపాలి, ఒకటి సీలు వేసి దాచాలి. మనకు విత్తనం అమ్మేవాడికి చట్టం ఆ హక్కు ఇచ్చింది. మనం ఆకు అమ్మేటప్పుడు మన ఒప్పందంలో ఆ హక్కు లేదు. ఎందుకు లేదు? మనం అడగలేదు కాబట్టి. ఇకముందు ఎవరు ఒప్పందం తెచ్చినా, నమూనా మన చేను దగ్గర, కాంటా వేసేటప్పుడే, మన కళ్లముందు తియ్యాలని రాయించండి. అప్పుడే తూచి ఆమ్లంలో వేసి, ఐసు పెట్టెలో పెట్టాలి. ఒక భాగం మనకు. కోసిన సమయం, పరీక్షించిన సమయం, పద్ధతి పేరు, పచ్చి బరువుకా ఎండు బరువుకా, వంద గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాములు, ఇవన్నీ లేని రిపోర్టును రిపోర్టని ఒప్పుకోవద్దు. ప్రమాణం ఎంతో ముందే కాగితంలో ఉండాలి. పంట పోయాక చెప్పే ప్రమాణం ప్రమాణం కాదు.

రెండో భాగం ఎక్కడ పరీక్ష చేయించాలి? మన జిల్లా ములుగులోనే శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మన పక్కనే ఉంది, మన పేరు మీదే ఉంది. రైతు తెచ్చిన నమూనాను తక్కువ రుసుముతో పరీక్షించి సంతకం పెట్టి ఇచ్చే ఏర్పాటు అక్కడ కావాలని సంఘం తరఫున వినతిపత్రం రాశాం. మీ సంతకాల కోసం ఆ చివర టేబుల్ మీద పెట్టాం. సంతకం పెట్టకుండా అన్నానికి లేవొద్దు.

మా ఎనిమిది మంది సంగతి అడుగుతారు. ఈ ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని కంపెనీ దగ్గరికి పోయాం. రెండు గంటలు కూచున్నాం. తర్వాతి రెండు కోతలకు ఒప్పందం ధరే ఇచ్చారు. మొదటి కోతలో కోసిన డబ్బు ఇంకా రాలేదు. వదిలిపెట్టలేదు.

చివరగా, తేమ మిషన్ లాగా ఇంటి దగ్గర చూసుకునేది ఏదైనా ఉందా అని పొద్దున ఒక తమ్ముడు అడిగాడు. ఉంది, పండ్లకైతే. ఆకులకు పనికిరాదు, పచ్చరంగు అడ్డం వస్తుంది. ఈ టేబుల్ మీద చూడండి. మందుల షాపులో కొన్న 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఒకటి అర లీటరు నీళ్లలో కరిగించాను. అంటే ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. పక్కన చల్లారిన అన్నం గంజి. ఇది పుండ్లకు రాసే అయోడిన్ మందు. సూది లేని సిరంజి రెండు. మాత్ర నీళ్లు 10 మిల్లీలీటర్లు తీసుకుని, గంజి ఒక చెంచా కలిపి, అయోడిన్ చుక్కలు లెక్కపెడుతూ వేస్తాం. విటమిన్ సి ఉన్నంతసేపు అయోడిన్‌ను మింగేస్తుంది. అయిపోగానే గంజి నీలంగా మారి నిలుస్తుంది. దీనికి 60 చుక్కలు పట్టాయనుకోండి. తర్వాత 5 గ్రాముల జామ ముక్కను నీళ్లతో నూరి, బట్టలో వడగట్టి, అదే చేస్తాం. దానికీ 60 పడితే 5 గ్రాముల్లో 10 మిల్లీగ్రాములు, అంటే వందకు 200. 45 పడితే 150. నూరిన వెంటనే చెయ్యాలి, స్టీలు గిన్నెలోనే చెయ్యాలి. ఇది కోర్టులో నిలిచే లెక్క కాదు, అంకె ఉజ్జాయింపుగా వస్తుంది. కానీ పొద్దున కోసిన కాయకూ, నాలుగు రోజులు సంచిలో మగ్గిన కాయకూ తేడా ఉందో లేదో మీ కండ్లతో మీరే చూస్తారు. పరీక్ష చేసిన నీళ్లు ఎవరూ తాగకండి.

వర్గల్ నుంచి వచ్చిన అక్క ఈ పొద్దున కోసిన జామకాయలు తెచ్చింది. మర్కూక్ తమ్ముడి దగ్గర మూడు రోజుల కిందటివి ఉన్నాయట. ఇద్దరూ ముందుకు రండి. చుక్కలు లెక్కపెట్టడానికి ఇంకొకరు కావాలి, లెక్క తప్పనివాళ్లు.